సగం టన్ను కోణమానినితో ఇరవై ఏళ్లు



పోయిన నెల పీటీఎంలో ఆరో తరగతి పిల్లల అమ్మానాన్నలు కొందరు దాదాపు ఒకే మాట అడిగారు. కోణం 60 డిగ్రీలు ఉంటే మావాడు 120 అని రాస్తున్నాడు, జామెట్రీ బాక్స్ మంచి కంపెనీది మార్చమంటారా అని. బాక్స్ మార్చక్కర్లేదండీ. ప్రొట్రాక్టర్ మీద అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి, ఒకటి కుడి నుంచి, ఇంకోటి ఎడమ నుంచి. మనం ఏ భుజం మీద ప్రొట్రాక్టర్ పెట్టామో, ఆ భుజం దగ్గర సున్నా ఉన్న వరుసనే చదవాలి. మధ్య గుర్తు సరిగ్గా శీర్షం మీద ఉండాలి. కొలిచే ముందు ఆ కోణం పుస్తకం మూల కంటే చిన్నదా, పెద్దదా అని ఒక్కసారి కంటితో చూసుకుంటే చాలు, 60కి 120 రాయడం చాలావరకు తగ్గిపోతుంది.

ఒక నాన్నగారు మాత్రం వేరే ప్రశ్న వేశారు. ఈ కోణాలు కొలవడం పెద్దయ్యాక ఎవరికి పనికొస్తుంది మేడమ్ అని. వెనకాల ఇంకా చాలామంది వరుసలో ఉన్నారు, నేను ఏదో రెండు ముక్కలు చెప్పి పంపేశాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకని ఈ నెల ఆయనకూ, మీ అందరికీ కలిపి విలియం లాంబ్టన్ గారి గురించి చెబుతున్నాను. మన దేశాన్ని కోణాలతో కొలవడం మొదలుపెట్టిన మనిషి ఆయన. చివరి రోజుల్లో కొన్నేళ్లు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు.

లాంబ్టన్ 1750ల్లో ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో ఒక మామూలు రైతు కుటుంబంలో పుట్టారు. డబ్బు లేదు, లెక్కలు మాత్రం బాగా వచ్చు. సైన్యంలో చేరి అమెరికా యుద్ధానికి వెళ్లారు. అక్కడ 1781లో యార్క్‌టౌన్ దగ్గర బ్రిటిష్ సేన లొంగిపోయినప్పుడు ఖైదీ అయ్యారు. తర్వాత చాలా ఏళ్లు కెనడా వైపు సైనికుల బ్యారక్‌ల బాగోగులు చూసుకునే ఉద్యోగంలో ఉండిపోయారు. అక్కడ ఉండగానే నల్ల అద్దం లేకుండా సూర్యగ్రహణం చూడటం వల్ల ఒక కంటి చూపు పోయిందని చెబుతారు. (గ్రహణం రోజు ఈ సంగతి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.) ప్రమోషన్ లేదు, పేరు లేదు. ఖాళీ సమయమంతా గణితం పుస్తకాలతో గడిపారు.

నలభై దాటాక రెజిమెంటుతో పాటు ఇండియా వచ్చారు. 1799లో టిప్పు సుల్తాను మీద జరిగిన శ్రీరంగపట్నం యుద్ధంలో ఒక రాత్రి సేన చీకట్లో నడుస్తోంది. లాంబ్టన్ ఆకాశంలో నక్షత్రాలు చూసి, మనం దక్షిణానికి కాదు, ఉత్తరానికి, నేరుగా శత్రువు వైపు వెళుతున్నామని గుర్తించి పై అధికారికి చెప్పారు. ఆయన చెప్పిందే నిజమైంది.

యుద్ధం ముగిశాక లాంబ్టన్ ప్రభుత్వం ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా త్రిభుజాలు గీసుకుంటూ పోయి దక్షిణ భారతాన్ని ఖచ్చితంగా కొలుస్తాను, పనిలో పనిగా భూమి ఆకారం ఎలాంటిదో కూడా తేలుస్తాను అని. అప్పటికి ఆయన వయసు యాభైకి దగ్గర పడింది.

ఇందులోని లెక్క ఏడో తరగతి పాఠమే. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని రెండు చివరల కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలనూ కొలవకుండానే కనుక్కోవచ్చు. అలా దొరికిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. అంటే నేల మీద గొలుసు పట్టుకుని కొలవాల్సింది ఒక్క గీతే. మిగతాదంతా కొండ మీద నుంచి కొండ మీదికి చూస్తూ కోణాలు కొలవడమే. అడవి, నది, లోయ ఏవి అడ్డొచ్చినా చూపుకు అడ్డం రానంత వరకు ఇబ్బంది లేదు.

ఆ ఒక్క గీతను 1802 వేసవిలో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర కొలిచారు. పొడవు సుమారు ఏడున్నర మైళ్లు, అంటే 12 కిలోమీటర్లు. కొలిచింది వంద అడుగుల ఉక్కు గొలుసుతో, దాదాపు 400 సార్లు పరిచి, 57 రోజుల పాటు. ఎండకు ఉక్కు సాగుతుంది కదా, గొలుసు పక్కన థర్మామీటర్లు పెట్టి ఆ తేడాను కూడా లెక్కలో సరిచేశారు.

ఇక కోణాలు కొలిచే పరికరం. దాని పేరు థియోడలైట్. లండన్‌లో విలియం కేరీ అనే ఆయన తయారుచేశారు. బరువు సుమారు అర టన్ను. వచ్చే దారిలో ఫ్రెంచి వాళ్ల ఓడ పట్టుకుని మారిషస్ తీసుకుపోయింది. పెట్టెలో ఉన్నది శాస్త్ర పరికరమని తెలిశాక యుద్ధం చేస్తున్న శత్రువులే దాన్ని మర్యాదగా మద్రాసు పంపించేశారు. చూడటానికి పెద్ద దుర్భిణిలా ఉన్నా దాని గుండెకాయ మీ పిల్లల బాక్స్‌లో ఉన్న వస్తువే: డిగ్రీల గుర్తులున్న చక్రం. కాకపోతే అది మూడు అడుగుల చక్రం. మన ప్రొట్రాక్టర్ అంచు మీద ఒక డిగ్రీకి మిల్లీమీటరు చోటు కూడా ఉండదు. ఆ చక్రం మీద ఒక్కో డిగ్రీకి 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులోనూ భాగాలు చేసి, మైక్రోస్కోపుతో చదివేవారు. ఒక డిగ్రీలో 60 నిమిషాలు, ఒక నిమిషంలో 60 సెకన్లు. లాంబ్టన్ లెక్కలు సెకన్లలో నడిచేవి.

అంత చాదస్తం ఎందుకంటారా? 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండను చూస్తూ కోణం ఒక డిగ్రీ తప్పు చదివితే ఆ కొండ దాదాపు 870 మీటర్లు పక్కకు జరుగుతుంది. ఆ తప్పు మీదే తర్వాతి త్రిభుజం, దాని మీద ఇంకోటి. అందుకే ఆయన కొన్ని త్రిభుజాల తర్వాత మళ్లీ ఒక గీతను గొలుసుతో నేల మీద కొలిచి, లెక్కలో వచ్చిన పొడవుతో సరిపోల్చుకునేవారు. 1804లో బెంగళూరు దగ్గర అలా చూసుకుంటే మద్రాసు నుంచి వచ్చిన లెక్కకూ నేల మీది కొలతకూ తేడా కొన్ని అంగుళాలే. మద్రాసు నుంచి మంగళూరు దాకా కొలత పూర్తయ్యాక ఇంకో సంగతి తేలింది. అప్పటి మ్యాపుల్లో ద్వీపకల్పం సుమారు 400 మైళ్ల వెడల్పు ఉంటే, నిజానికి ఉన్నది 360 మైళ్లే.

ఇప్పుడు నేను క్లాసులో ప్రతి సంవత్సరం చెప్పే ఘట్టం. 1808లో లాంబ్టన్ బృందం తంజావూరు ప్రాంతానికి చేరింది. కావేరి డెల్టా అంతా చదును నేల, ఎటు చూసినా కొబ్బరి చెట్లు. చూడటానికి ఒక్క కొండ లేదు. గుడి గోపురాలే దిక్కు. తంజావూరు పెద్ద గుడి విమానం 200 అడుగుల పైనే ఉంటుంది. దాని మీదికి ఆ అర టన్ను పరికరాన్ని తాళ్లతో లాగుతుండగా ఒక తాడు తెగింది. పెట్టెతో సహా థియోడలైట్ వెళ్లి గోడకు కొట్టుకుంది. తెరిచి చూస్తే చక్రం వంకరపోయింది. చక్రం గుండ్రంగా లేకపోతే అది చూపించే ఏ డిగ్రీనీ నమ్మడానికి లేదు. కొత్తది కావాలంటే లండన్ నుంచి రావాలి. ఓడలో రావడానికే నెలలు, తయారీకి ఇంకెన్ని నెలలో.

వేరే ఎవరైనా అయితే అక్కడితో సర్వే ఆగిపోయేదనే నేను అనుకుంటాను. లాంబ్టన్ ఒక డేరాలోకి వెళ్లి తలుపు మూసుకున్నారు. ముఖ్యమైన పనివాళ్లను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పరికరాన్ని ముక్కలు ముక్కలుగా విప్పారు. పెద్ద చదునైన చెక్క మీద చక్రం ఎంత ఉండాలో సరిగ్గా అంత వృత్తం గీసి, కోయించారు. వంకరపోయిన చక్రాన్ని అందులో పెట్టి చీలలు, మరలు, కప్పీలతో కొద్దికొద్దిగా లాగుతూ ఆ వృత్తానికి సరిపోయేలా తెచ్చారు. వంగిన ఆకులను చెక్క సుత్తులతో కొట్టి సరిచేశారు. ఆరు వారాలు పట్టింది. చక్రం దాదాపు మునుపటిలా అయింది, సర్వే మళ్లీ కదిలింది. గమనించారా, కాంపస్‌తో వృత్తం గీయడం దగ్గరికే వచ్చింది కథ మళ్లీ.

అక్కడి నుంచి త్రిభుజాలు దేశం దక్షిణపు కొన దాకా వెళ్లి, తిరిగి ఉత్తరానికి మళ్లాయి. 1811లో అనంతపురం వైపు గుత్తి దగ్గర, 1815లో బీదర్ దగ్గర గొలుసు కొలతలు జరిగాయి. ఆ తర్వాత లాంబ్టన్ హైదరాబాద్‌ను తన కేంద్రంగా చేసుకున్నారు. 1818లో ఈ పని మద్రాసు చేతిలోంచి కలకత్తా ప్రభుత్వానికి మారి, గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అనే పేరు వచ్చింది. అదే ఏడాది చివర హైదరాబాద్ వచ్చి ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన యువ అధికారే జార్జ్ ఎవరెస్ట్. అవును, శిఖరానికి పేరున్న ఎవరెస్టే. 1819లో ఆయన్ని కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లోకి కొలతలకు పంపితే బృందం మొత్తానికి జ్వరాలు పట్టుకున్నాయి. కొందరు చనిపోయారు, ఎవరెస్ట్‌ను హైదరాబాద్‌కు మోసుకు రావాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఈ సర్వే చేయించింది ఈస్టిండియా కంపెనీ. మ్యాపు దేనికంటే సైన్యాలు నడపడానికి, పన్నులు వసూలు చేయడానికి. ఆ అర టన్ను పెట్టెను కొండలెక్కించిన కూలీల పేర్లు మనకు మిగల్లేదు. లాంబ్టన్ సహాయకుల్లో మద్రాసు సర్వే బడిలో చదువుకున్న కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లలో జాషువా డి పెనింగ్ తర్వాత కలకత్తాలో లెక్కల విభాగం పెద్ద అయ్యాడు. ఆర్కాటు నుంచి వచ్చిన సయ్యద్ మొహ్సిన్ హుస్సేన్ ఎవరెస్ట్ హయాంలో సర్వే పరికరాలన్నింటినీ బాగుచేసే స్థాయికి ఎదిగాడు. పాఠ్యపుస్తకాల్లో వీళ్ల పేర్లు కూడా ఉంటే బాగుండునని నా కోరిక.

1822 చివర్లో, డెబ్బైకి దగ్గర పడ్డ వయసులో, క్షయతో దగ్గుతూ లాంబ్టన్ హైదరాబాద్ నుంచి నాగపూర్ బయలుదేరారు. పనిని ఇంకా ఉత్తరానికి తీసుకెళ్లాలని. నాగపూర్ చేరలేదు. 1823 జనవరి 20న దారిలో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు. సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన వదిలిన చోటి నుంచి ఎవరెస్ట్ అందుకుని త్రిభుజాలను హిమాలయాల అంచు దాకా తీసుకెళ్లారు. ఆ గొలుసు చివరి నుంచి కొలిచిన కోణాలతోనే మన రాధానాథ్ సిక్దర్ లాంటి వాళ్లు శిఖరాల ఎత్తులు లెక్కకట్టారు. 1856లో ప్రకటించిన ఎవరెస్ట్ శిఖరం ఎత్తు 29,002 అడుగులు. పైకి ఎక్కకుండానే, దూరం నుంచి కోణాలు చూసి చెప్పిన అంకె అది.

ఆ నాన్నగారికి నా జవాబు ఇదండీ.

ఈ ఆదివారం మీకు ఒక గంట తీరిక దొరికితే మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కలిసి డాబా మీదికి వెళ్లండి. టేపుతో 10 మీటర్ల గీత కొలిచి సుద్దతో గీయండి. దూరంగా కనిపించే వాటర్ ట్యాంకునో సెల్ టవర్‌నో ఎంచుకోండి. గీత ఒక చివర అట్ట మీద ప్రొట్రాక్టర్ పెట్టి, అడుగు గీతను సుద్ద గీత మీదికి తెచ్చి, మధ్య గుర్తు దగ్గర నుంచి ఒక పుల్లను ట్యాంకు వైపు తిప్పి కోణం చదవమనండి. రెండో చివర కూడా అలాగే. ఇంటికొచ్చి ఒక మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కాగితం మీద ఆ త్రిభుజం గీయిస్తే ట్యాంకు ఎంత దూరమో తెలుస్తుంది. ట్యాంకు మరీ దూరమైతే రెండు గీతలు కాగితం దాటిపోతాయి, అప్పుడు దగ్గరగా ఉన్న చెట్టును తీసుకోండి. పిట్టగోడ దగ్గర మాత్రం మీరే నిలబడండి.

తర్వాత వీలైతే నడిచి కూడా కొలవండి. రెండు అంకెలూ కలవకపోతే దేన్నీ చెరపకుండా, పక్కపక్కనే రాసి ఆ కాగితాన్ని సోమవారం మ్యాథ్స్ నోట్‌బుక్‌లో పెట్టి పంపండి. తేడా ఎక్కడ వచ్చిందో క్లాసులో అందరం కలిసి వెతుకుతాం.