పదవి పోయినా పని మానని అవగాడ్రో

మనవడో మనవరాలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఇంట్లో అవగాడ్రో సంఖ్య అన్న మాట వినపడక మానదు. ఆ పేరుగల మనిషి ఎలా జీవించాడో మాత్రం పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పవు. ఉద్యోగం, పదవి, విరమణ అన్నీ చూసిన మనబోటివారికి ఆయన జీవితం తప్పక తెలుసుకోదగ్గది.

అమెడియో అవగాడ్రో 1776 ఆగస్టు 9న ఇటలీలోని టూరిన్ నగరంలో జన్మించారు. వారిది న్యాయవాదుల కుటుంబం. ఆయన కూడా ఇరవై ఏళ్ల వయసుకే చర్చి న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొంది వృత్తిలో ప్రవేశించారు. కాని మనసంతా గణితం మీద, భౌతికశాస్త్రం మీద ఉండేది. వాటిని స్వయంకృషితో అభ్యసించి, 1809లో వెర్చెల్లి పట్టణంలోని కళాశాలలో ఆచార్యులయ్యారు.

ఆ రోజుల్లో శాస్త్రజ్ఞులను ఒక చిక్కు వేధిస్తోంది. రెండు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే రెండు పాళ్ల నీటి ఆవిరి వస్తుందని ఫ్రాన్సుకు చెందిన గే-లూసాక్ 1808లో ప్రకటించారు. ఒక పాలు ఆక్సిజన్ రెండు పాళ్ల ఆవిరిలోకి ఎలా సర్దుకుంటుంది? పరమాణువును విడగొట్టలేమని డాల్టన్ అప్పటికే చెప్పి ఉన్నారు. 1811లో అవగాడ్రో దీనికి సమాధానం ఇచ్చారు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణం గల వాయువులన్నింటిలో అణువుల సంఖ్య సమానమనీ, ఆక్సిజన్ వంటి మూలకాల అణువు చీలగలదనీ ఆయన ప్రతిపాదించారు. చీలేది అణువే, పరమాణువు కాదు.

దీని విలువ ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. పది లీటర్ల పాత్రలో 64 గ్రాముల ఆక్సిజన్ ఉంది, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు అనుకుందాం. ఆక్సిజన్ మోల్ బరువు 32 గ్రాములు కనుక ఉన్నవి 2 మోల్‌లు. 27కు 273 కలిపితే 300 కెల్విన్. రెండును 0.082 అనే స్థిరాంకంతోనూ, 300తోనూ గుణించి, పదితో భాగిస్తే 4.92 వస్తుంది. అంటే పాత్రలోని పీడనం మామూలు వాతావరణ పీడనానికి దాదాపు అయిదు రెట్లు. ఇప్పుడు ఆక్సిజన్ తీసేసి 4 గ్రాముల హైడ్రోజన్ నింపండి. అవీ 2 మోల్‌లే. పీడనం మళ్లీ అదే 4.92! బరువుతో నిమిత్తం లేదు, వాయువు ఏదన్నదానితో నిమిత్తం లేదు; లెక్కకు వచ్చేది అణువుల సంఖ్య ఒక్కటే. పీడనం మరీ ఎక్కువైనప్పుడు నిజమైన వాయువులు ఈ లెక్క నుంచి కొంత పక్కకు తొలగుతాయి. ఈ సూత్రం నేటి రూపానికి రావడంలో బాయిల్, గే-లూసాక్, క్లాపెరాన్ వంటి ఎందరి కృషో ఉంది. అందులో మోల్‌ల సంఖ్యకు చోటు కల్పించినది మాత్రం అవగాడ్రో ఆలోచనే.

అయితే ఆనాడు దానిని పట్టించుకున్నవారు బహుకొద్దిమంది. ఒకే జాతి పరమాణువులు జతకట్టవని డాల్టన్, బెర్జీలియస్ వంటి ఉద్దండులు నమ్మేవారు. వారి మాటే చెల్లింది.

1820లో టూరిన్ విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్ర పీఠం ఆయనకు లభించింది. మరుసటి ఏడే అక్కడ రాజుకు వ్యతిరేకంగా తిరుగుబాటు జరిగింది. ఆ అలజడి తర్వాత కొద్దికాలానికే పీఠం రద్దయింది. బోధన భారం తగ్గించి పరిశోధనకు తీరిక కల్పించడానికేనని పైవారు సెలవిచ్చారు! ఇటువంటి ఉత్తర్వుల భాష మనకు కొత్త కాదు. ఆయన తిరిగి న్యాయవృత్తిని ఆశ్రయించవలసి వచ్చింది. అయినా పరిశోధన ఆపలేదు. 1834లో పీఠం తిరిగి దక్కింది. 1837 - 1841 మధ్య పదార్థాల భౌతిక లక్షణాలపై నాలుగు సంపుటాల గ్రంథం వెలువరించారు. తూనికలు, కొలతలు, వాతావరణం, గణాంకాలకు సంబంధించిన ప్రభుత్వ బాధ్యతలనూ నిర్వహించారు. 1850లో 74వ ఏట విరమణ చేసి, 1856 జూలై 9న కన్నుమూశారు.

నాలుగేళ్ల తర్వాత, 1860 సెప్టెంబరులో, జర్మనీలోని కార్ల్స్‌రూలో రసాయన శాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. కానిజారో అనే ఇటలీ ఆచార్యుడు అవగాడ్రో సిద్ధాంతాన్ని అక్కడ గట్టిగా సమర్థించారు. ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని సభ ముగింపులో పంచిపెట్టారు. పరమాణు భారాల గందరగోళం క్రమంగా తొలగింది. ఆ సభకు హాజరైన మెండలీవ్ 1869లో తన ఆవర్తన పట్టికను వెలువరించారు. 1909లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెరాన్ ఒక మోల్‌లోని అణువుల సంఖ్యకు అవగాడ్రో పేరు పెట్టారు. తన పేరుతో పిలిచే ఆ సంఖ్య ఎంతో అవగాడ్రోకు తెలియదు.

సర్వీసులో ఉండగా తగిన గుర్తింపు రాలేదని నొచ్చుకునే మిత్రులు మనలోనూ ఉన్నారు. అవగాడ్రోకు బ్రతికుండగా అది రానే లేదు. కాని ఆయన పని చెక్కుచెదరలేదు. ఈసారి పిల్లలు ఆ లెక్క చేస్తుంటే పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి.