వంటింట్లో ఒంటరిగా తిన్న నర్సు: మేరీ ఎలైజా మహోనీ

మంచాన పడ్డ మనిషిని అటు నుంచి ఇటు తిప్పి పడుకోబెట్టడం, ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం, అర్ధరాత్రి లేచి మందు పట్టడం. ఈ పనులు చేసే ఆడవాళ్లు ఈరోజు హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్టుమెంట్లలో ఎందరో ఉన్నారు. కేర్‌టేకర్ అంటారు, అటెండర్ అంటారు, ఆయా అంటారు. వాళ్లలో మన వాడల నుంచి వెళ్లినవాళ్లు తక్కువేమీ కాదు. ఇంటి పెద్దాయన ప్రాణం పగలూ రాత్రీ ఆ చేతుల్లోనే ఉంటుంది. కానీ చాలా ఇళ్లలో ఆమె తాగే గ్లాసు వేరు, తినే కంచం వేరు. ఒంటికి అంటని మైల కంచానికి మాత్రం ఎలా అంటుతుందో ఎవరూ చెప్పరు.

ఇదే ప్రశ్నను దాదాపు 145 ఏళ్ల కిందట, మరో దేశంలో ఒక నల్లజాతి స్త్రీ ఎదుర్కొంది. ఆమె పేరు మేరీ ఎలైజా మహోనీ. అమెరికాలో శిక్షణ పూర్తిచేసి పట్టా పొందిన తొలి నల్లజాతి నర్సు. పాఠ్యపుస్తకాల్లో ఆమె గురించి ఆ ఒక్క వాక్యమే ఉంటుంది. ఆ పట్టా అందుకున్నాక ఆమె తన వృత్తి జీవితాన్ని ఎక్కువగా ఆసుపత్రుల్లో కాకుండా పరాయి ఇళ్లలో గడిపింది. మనకు కావలసిన కథ అక్కడే ఉంది.

బానిసత్వం దాటి వచ్చిన కుటుంబం

మేరీ 1845లో బోస్టన్‌లో పుట్టింది. ఆమె తల్లిదండ్రులు బానిసత్వం నుంచి విడుదలై నార్త్ కరోలినా నుంచి ఉత్తరాదికి వచ్చినవాళ్లు. ఆమె పుట్టేనాటికి దక్షిణాది రాష్ట్రాల్లో మనుషుల్ని ఇంకా సంతలో అమ్ముతున్నారు. మసాచుసెట్స్‌లో బానిసత్వం లేదు గానీ, బోస్టన్‌లో నల్లపిల్లలకు బడి వేరుగానే ఉండేది. దాని మీద నల్లజాతి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడారు. 1855లో రాష్ట్రం చట్టం చేసి వేరు బడులను రద్దు చేసింది. మేరీకి అప్పుడు పదేళ్లు. తెల్లపిల్లలతో కలిసి చదువుకునే ఫిలిప్స్ స్కూల్‌లో ఆమె చేరింది. ఊరి బడిలో గుమ్మం బయట కూర్చుని చదువుకున్న మన తాతల తరానికి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఆమెకు నర్సు కావాలని చిన్నప్పటి నుంచే ఉండేది. కానీ అప్పటికి అమెరికాలో నర్సింగ్ బడులే లేవు. నల్లజాతి అమ్మాయికి దొరికేది వంటపని, బట్టలుతికే పని, ఊడ్చే పని.

పదిహేనేళ్లు వెనక గుమ్మం నుంచి

1862లో మారీ జక్షెఫ్‌స్కా అనే డాక్టరమ్మ బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ హాస్పిటల్ ఫర్ విమెన్ అండ్ చిల్డ్రన్ అనే ఆసుపత్రి పెట్టింది. ఆడవాళ్లను వైద్య కళాశాలల గడప తొక్కనివ్వని రోజుల్లో ఆడడాక్టర్లే నడిపిన ఆసుపత్రి అది. మేరీ పద్దెనిమిదేళ్ల వయసులో అక్కడ పనికి చేరింది. వంట చేసింది, నేల తుడిచింది, రోగుల బట్టలు ఉతికింది, అవసరం పడినప్పుడు నర్సులకు చేతి సాయం చేసింది. అలా దాదాపు పదిహేనేళ్లు గడిచాయి.

ఆ పదిహేనేళ్లలో ఆమె కళ్లముందే ఆ ఆసుపత్రి నర్సింగ్ శిక్షణ మొదలుపెట్టింది. 1873లో అక్కడే లిండా రిచర్డ్స్ అనే తెల్లజాతి స్త్రీ అమెరికాలో శిక్షణ పొందిన తొలి నర్సుగా పట్టా తీసుకుంది. అదే ఏడాది పుణెలో జోతిబా ఫూలే గులాంగిరి ప్రచురించి, నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితం చేశాడు. విముక్తి వచ్చిందని ప్రపంచమంతా అనుకున్న ఆ ఏడు మేరీ ఇంకా ఆ ఆసుపత్రిలో పనిమనిషే.

1878లో ఆమెకు అవకాశం వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై మూడేళ్లు. సాధారణంగా తీసుకునే వయసు దాటిపోయింది. మనిషి అయిదడుగులు కూడా ఉండదు, బక్కపలచగా ఉండేది. అయినా పదిహేనేళ్లు ఆమె పని చూసిన డాక్టర్లు ఆమెను తీసుకున్నారు.

శిక్షణ పదహారు నెలలు. తెల్లారుజామున 5:30కి మొదలై రాత్రి 9:30 దాకా పని. ఇచ్చేది వారానికి ఒకటి నుంచి నాలుగు డాలర్లు. వైద్యం, శస్త్రచికిత్స, ప్రసూతి వార్డుల్లో తిప్పేవారు, డాక్టర్లు పాఠాలు చెప్పేవారు, చివరి నెలల్లో రోగుల ఇళ్లకు పంపి అక్కడ పని చేయించేవారు. ఆ జట్టులో నలభై మందికి పైగా చేరితే, 1879 ఆగస్టులో పట్టా చేతబట్టుకుని బయటికి వచ్చింది నలుగురే. వాళ్లలో ముగ్గురు తెల్లవాళ్లు, ఒకరు మేరీ.

పరాయి ఇల్లే పని చోటు

ఆ కాలంలో ఆసుపత్రి అంటే ఎక్కువగా గతిలేనివాళ్లు వెళ్లే చోటు. డబ్బున్నవాళ్ల కాన్పులు, జ్వరాలు, చివరికి ఆపరేషన్లు కూడా ఇంట్లోనే జరిగేవి. అందుకే శిక్షణ పొందిన నర్సుల్లో ఎక్కువమందికి ఉపాధి ఇళ్లలోనే దొరికేది. నల్లజాతి నర్సుకైతే ఆసుపత్రి ఉద్యోగం దాదాపు అందని పండు. మేరీ బోస్టన్‌లోని నర్సుల డైరెక్టరీలో పేరు నమోదు చేయించుకుని ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టింది.

ఆమె ఎక్కువగా చూసుకున్నది బాలింతల్ని, పసికందుల్ని. ఇంటి నర్సు అంటే గంట లెక్క పని కాదు. కేసు ఒప్పుకుంటే ఆ ఇంట్లోనే మకాం. వారాల తరబడి రోగి పక్కనే నిద్ర. రాత్రి ఏడ్చిన బిడ్డకూ, పగలు మూలిగిన తల్లికీ ఆమే దిక్కు. ఆమె నేర్పు, నిదానం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పాకి, తూర్పు తీరంలోని ఇతర రాష్ట్రాల నుంచి కూడా ఆమెకు కబురు వచ్చేది.

ఇంత పేరున్నా, గడప లోపల చిక్కు మొదలయ్యేది. నల్లజాతి నర్సు ఇంట్లో అడుగుపెడితే యజమానులకు ఆమెలో నర్సు కనిపించేది కాదు. రోగిని చూసుకున్నాక అంట్లు కూడా తోమమనేవారు, బట్టలూ ఉతకమనేవారు. పట్టా ఉన్నా, ఒంటి రంగు చూసి పనిమనిషి అనేవారు. యజమానుల బల్ల దగ్గర నల్లజాతి నర్సుకు చోటు ఉండదు. ఇంటి నౌకర్లతో కూర్చుంటే, చూశారా ఈమె కూడా నౌకరే అన్న లెక్క తేలిపోతుంది. మేరీ ఒక దారి ఎంచుకుంది. వంటింట్లో ఒక్కతే కూర్చుని తినేది.

ఈ ఘట్టం దగ్గర మనం కాస్త ఆగాలి. ఆమె జీవితం రాసినవాళ్లు చాలామంది దీన్ని వృత్తి గౌరవం కోసం పట్టుదల అని మెచ్చుకుని ముందుకు వెళ్లిపోతారు. మనకు మాత్రం ఇది అంత తేలిగ్గా మింగుడుపడదు. తనకు గౌరవం దక్కాలంటే తన కింద ఉన్న మనిషి పక్క నుంచి లేచిపోవాల్సి రావడం ఏమిటి? ఆమే పదిహేనేళ్లు వంట చేసింది, ఊడ్చింది, ఉతికింది. ఆ వంటింటి మనుషులు ఆమెకు పరాయివాళ్లు కారు. అంబేడ్కర్ నిచ్చెనమెట్ల అసమానత గురించి చెప్పినప్పుడు మనకు నేర్పింది ఇదే కదా. పైమెట్టు వాడు తొక్కడం ఒక ఎత్తు. కింది మెట్టు వాళ్లను ఒకరికొకరు దూరం చేయడం మరో ఎత్తు. ఈ రెండోదే ఆ నిచ్చెనను నిలబెడుతుంది.

తప్పు మేరీదని మేము అనడం లేదు. నౌకర్లను నీచంగా చూసి ఆమె దూరం జరగలేదు. యజమాని గీసిన గీత లోపల ఆమెకు దొరికిన ఆ కాస్త చోటులో నిటారుగా కూర్చుంది. కానీ ఆ కుర్చీ ఒంటరిది. అది ఒంటరిదని అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. అందుకే ఆ తర్వాతి జీవితమంతా ఒంటరి నర్సులను ఒకచోట చేర్చే పనికి వెచ్చించింది.

ఒంటరి నర్సులు సంఘమైన రోజు

ఇంట్లో పనిచేసేవాళ్లకు ఉన్న పెద్ద శాపం ఏమిటంటే ఒకరి కష్టం ఒకరికి తెలియదు. ఫ్యాక్టరీలో వెయ్యి మంది ఒకే గేటు దగ్గర కలుస్తారు. ఇంటి నర్సు కలిసేది రోగినీ, యజమానినే. జీతం ఎగ్గొట్టినా, మాటపడినా ఆ నాలుగు గోడల మధ్యే అణిగిపోతుంది.

1896లో అమెరికా, కెనడా నర్సుల సంఘం ఏర్పడినప్పుడు మేరీ అందులో సభ్యురాలైంది. తర్వాత అదే అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ అయింది. అందులో నల్లజాతి నర్సులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పైగా కాలం గడిచేకొద్దీ రాష్ట్ర సంఘాల ద్వారానే సభ్యత్వం అనే నియమం వచ్చింది. దక్షిణాది రాష్ట్ర సంఘాలు నల్లజాతి నర్సులను చేర్చుకోలేదు. దాంతో జాతీయ సంఘం తలుపు కూడా వాళ్లకు మూసుకుపోయింది. పైకి రంగు ప్రస్తావనే లేని నియమం, లోపల పని మాత్రం అదే. ఇలాంటి నియమాలు మనకూ కొత్త కాదు.

మార్తా ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి నర్సు దేశమంతటా ఉన్న తోటి నర్సులకు వందల కొద్దీ ఉత్తరాలు చేత్తో రాసింది. వాటికి జవాబుగా 1908లో న్యూయార్క్‌లో యాభై మంది దాకా కూడారు. అడా థామ్స్ వాళ్లకు ఆతిథ్యమిచ్చింది. అలా పుట్టింది నల్లజాతి గ్రాడ్యుయేట్ నర్సుల జాతీయ సంఘం. అరవై మూడేళ్ల మేరీ దాని వెనక గట్టిగా నిలబడింది. 1909లో తొలి మహాసభ బోస్టన్‌లో జరిగింది. స్వాగతోపన్యాసం మేరీదే. నల్లజాతి అమ్మాయిలకు నర్సింగ్ చదువులో జరుగుతున్న అన్యాయాన్ని ఆ వేదిక మీదే చెప్పింది. తనను చదివించిన ఆసుపత్రిలో కూడా నల్లజాతి అమ్మాయిలకు మరిన్ని సీట్లు ఇవ్వాలని అడిగింది. తనొక్కతే దాటిన గడపను చూపించి, చూశారా అందరికీ దారుంది అని చెప్పడానికి ఆమె ఒప్పుకోలేదు. సంఘం ఆమెకు జీవితకాల సభ్యత్వం ఇచ్చి చాప్లిన్‌గా ఎన్నుకుంది. కొత్తగా వచ్చిన నాయకులను బాధ్యతల్లోకి తీసుకునేది ఆమే.

1911లో ఆమె న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలాండ్‌లో నల్లజాతి అనాథ పిల్లల కోసం నడిచే హోవార్డ్ ఆర్ఫన్ అసైలమ్ బాధ్యతలు తీసుకుని ఏడాదికి పైగా నడిపింది. తర్వాత తిరిగి బోస్టన్ చేరింది. పెళ్లి చేసుకోలేదు. 1920లో అమెరికా స్త్రీలకు ఓటు హక్కు వచ్చినప్పుడు, డెబ్బై అయిదేళ్ల వయసులో వెళ్లి ఓటరుగా పేరు రాయించుకుంది. బోస్టన్‌లో అలా నమోదైన తొలి స్త్రీలలో ఆమె ఒకరు.

రొమ్ము క్యాన్సర్‌తో కొన్నేళ్లు బాధపడి 1926 జనవరి 4న కన్నుమూసింది. చివరి రోజులు గడిపింది తాను నేల తుడిచిన, పాఠాలు నేర్చుకున్న ఆ న్యూ ఇంగ్లండ్ ఆసుపత్రిలోనే.

ఆమె తర్వాత

1936లో నల్లజాతి నర్సుల సంఘం ఆమె పేరున ఒక అవార్డు పెట్టింది. 1940ల చివరికి అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ తన తలుపులు తెరవక తప్పలేదు. 1951లో రెండు సంఘాలు ఒకటయ్యాయి. పట్టా ఉన్న నల్లజాతి నర్సు అలా సంఘంలో చోటు గెలుచుకుంది.

మరి ఆ వంటింట్లో మిగిలినవాళ్ల మాటేమిటి? 1938లో అమెరికా కనీస వేతన చట్టం చేసినప్పుడు ఇంటి పనివాళ్లను, పొలం పనివాళ్లను వదిలేసింది. నల్లజాతి కార్మికుల్లో ఎక్కువమంది ఆ రెండు పనుల్లోనే ఉండేవారు. 1974లో ఇంటి పనివాళ్లను చేర్చారు గానీ, ముసలివాళ్లను, జబ్బుపడ్డవాళ్లను ఇళ్లలో చూసుకునేవాళ్లను తోడుగా ఉండేవాళ్ల కింద జమకట్టి మళ్లీ పక్కన పెట్టారు. ఏళ్ల తరబడి పనిచేసి ఓవర్‌టైమ్ అడిగిన జమైకా వలస కార్మికురాలికి 2007లో అమెరికా సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. 2013లో ప్రభుత్వం నిబంధన మార్చాకే వాళ్లలో ఎక్కువమందికి కనీస వేతనం వర్తించింది. నర్సు పట్టాకు గుర్తింపు రావడానికి ఒక తరం పోరాడితే, పట్టా లేని చేతులకు అది రావడానికి మరో రెండు తరాలు పట్టింది.

మన దగ్గరా మిషన్ ఆసుపత్రుల కాలం నుంచి నర్సు తెల్లగౌను వేసుకుని ఆత్మగౌరవంతో నడిచిన దళిత క్రైస్తవ స్త్రీలున్నారు. పుణెలో 1897 ప్లేగులో రోగుల్ని చూసుకుంటూ ప్రాణం ఇచ్చిన సావిత్రిబాయి ఫూలే ఉంది. ఇతరులు అసహ్యించుకున్న ఒంటిని తాకి బతికించిన చేతులు అవి. ఆ చరిత్రకు వారసులైన నేటి కేర్‌టేకర్లకు మాత్రం నియామక పత్రం ఉండదు, వారానికి ఒక సెలవు ఉండదు. ఇంటి పనివాళ్ల హక్కులపై 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు.

నర్సింగ్ చదివిన మన ఆడబిడ్డలు కొందరు ఈరోజు ఇళ్లలో డ్యూటీ చేస్తున్నారు. అదే ఇంట్లో చదువుకోని మన అక్కలు వంట చేస్తున్నారు, అంట్లు తోముతున్నారు. మేరీకి ఆ రోజు వంటింట్లో ఒంటరిగా కూర్చోవడం తప్ప దారి లేకపోయింది. మనకు ఆ గతి లేదు. నర్సు, ఆయా, వంటమనిషి ఒకే సంఘంలో కూర్చోవచ్చు, ఒకే రేటు పత్రం యజమాని ముందు పెట్టవచ్చు, ఒకే కంచం అడగవచ్చు. మేరీ మహోనీ వదిలి వెళ్లిన పని ఇంకా మన చేతుల్లోనే ఉంది.