గులాం యజ్దానీ
గులాం యజ్దానీ (మార్చి 22, 1885 - నవంబరు 13, 1962) ప్రముఖ పురావస్తు శాస్త్రవేత్త. నిజాం రాజ్య పురావస్తు శాఖకు తొలి సంచాలకుడు.

జీవిత విశేషాలు
యజ్దానీ ఢిల్లీలో జన్మించాడు. సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదివి, కొంతకాలము అరబీ భాషను బోధించాడు. 1914లో కొత్తగా ఏర్పడిన పురావస్తు శాఖ బాధ్యతను నిజాం ప్రభుత్వము ఈయనకు అప్పగించింది. 1943 వరకు ఆ పదవిలో కొనసాగాడు.

అజంతా
అప్పట్లో అజంతా గుహలు నిజాం రాజ్యములో ఉండేవి. రాలిపోతున్న చిత్రాలను నిలబెట్టుటకు 1920వ దశకం తొలినాళ్ళలో ఇటలీ నిపుణులను రప్పించారు. వారి కృషితో పెళ్ళలు ఊడుట తగ్గినది. కానీ పూసిన వార్నిషు కాలక్రమేణా పసుపుబారి రంగులను మరుగుపరచినది. యజ్దానీ రచించిన అజంతా గ్రంథము నాలుగు సంపుటాలుగా 1930-1955 మధ్య వెలువడినది.

హైదరాబాదు మ్యూజియం
1930లో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం ఏర్పడుటలో ఈయన పాత్ర ముఖ్యమైనది. అజంతా చిత్రాల నకళ్ళు అక్కడ ప్రదర్శనలో ఉన్నాయి.

నారాయణఖేడ్ పరిసరాలలో
నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కేంద్రములోని బహమనీ, బరీద్‌షాహీ కట్టడాలను ఈయన శాఖ సంరక్షించినది. వాటిపై యజ్దానీ వ్రాసిన గ్రంథము 1947లో వెలువడినది. ప్రస్తుత సంగారెడ్డి జిల్లాలోనే ఉన్న కొండాపూర్‌లో ఈయన హయాములో జరిగిన త్రవ్వకాలలో శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు లభించినవి. ఇప్పుడు అక్కడే ఒక మ్యూజియం ఉన్నది.

పురస్కారాలు
భారత ప్రభుత్వము 1959లో పద్మభూషణ్‌తో సత్కరించినది. ఈయన సంపాదకత్వములో దక్కను ప్రాచీన చరిత్ర 1960లో వెలువడినది.