మద్రాసు ఆకాశాన్ని జల్లెడ పట్టిన పోగ్సన్ దొర

చెన్నై నుంగంబాక్కం కాలేజీ రోడ్డులోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఓ పాత రాతి స్తంభం ఉంది. 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీలో పరికరాన్ని మోసిన స్తంభం అది. దాని మీద తమిళంతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కి ఉంది. ఇక్కడే ముప్పై ఏళ్లు చుక్కల లెక్క చూసిన దొర పేరు నార్మన్ రాబర్ట్ పోగ్సన్. ఉల్కలన్నా, ఉల్కారాళ్లన్నా ఆసక్తి ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన మనిషి.

ఆయన 1829లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా 1856లో చుక్కల కాంతికి ఓ కొలత చెప్పారు. ఒక తరగతి చుక్క దాని కింది తరగతి చుక్క కంటే 2.512 రెట్లు ఎక్కువ వెలుగుతుందని ఆ లెక్క. అంటే ఒకటో తరగతి చుక్క ఆరో తరగతి దాని కంటే సరిగ్గా వంద రెట్లు కాంతివంతం. ప్రపంచమంతా ఇప్పటికీ ఇదే లెక్క వాడుతోంది. అక్కడే మూడు గ్రహశకలాలనూ కనిపెట్టారు. 1861లో ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్తగా మద్రాసులో దిగారు.

ఐదు శకలాలు మద్రాసువే

వచ్చిన రెండు నెలలకే, ఏప్రిల్ 17న, కొత్త గ్రహశకలం ఆయన కంటపడింది. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి శకలం కావడంతో దానికి ‘ఆసియా’ అని పేరు పెట్టారు. తర్వాత శాఫో (1864), సిల్వియా (1866), కెమిల్లా (1868), వేరా (1885) దొరికాయి. ఫొటోలు తీసి వెతికే రోజులు కావవి. చుక్కల పటం ముందు పెట్టుకుని, రాత్రి తర్వాత రాత్రి ఆకాశంతో పోల్చాలి. చోటు మారిన చుక్క ఏదో కంటితోనే పట్టుకోవాలి.

నేల మీద దొరికే ఉల్కారాళ్లలో చాలావరకు ఇలాంటి శకలాల నుంచి ఊడిపడ్డవే. 1852 జనవరిలో మన నెల్లూరు జిల్లాలో పడ్డ యాటూరు రాయి సాధారణ కాండ్రైట్ జాతిది. ఇలాంటి రాళ్లకు, ‘ఎస్’ రకం శకలాలకు చుట్టరికం ఉందని జపాన్ వ్యోమనౌక హయబుసా 2010లో ఇటొకావా నుంచి తెచ్చిన ధూళితో రుజువైంది. పోగ్సన్ చూసిన ఆసియా కూడా ఎస్ రకమే.

బందరులో గ్రహణం

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునాడు మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరుకు వచ్చారు. పోగ్సన్ బందరు వెళ్లారు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లారు. ఆ రోజు సూర్యుడి అంచు జ్వాలల్లో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం ఉనికికి దారి చూపింది. అంతకుముందు ఏడాది ఓ చంచల నక్షత్రాన్ని కనిపెట్టిన రఘునాథాచారి, 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు.

జర్మనీ నుంచి తంతి

1872 నవంబరు 27 రాత్రి యూరప్‌లో చుక్కలు వానలా రాలాయి. 1846లో రెండు ముక్కలై, 1852 తర్వాత మళ్లీ కనిపించని బియెలా తోకచుక్క తాలూకు ధూళి అది. తోకచుక్క భూమిని రాసుకుంటూ పోయిందని జర్మనీలోని క్లింకర్‌ఫ్యూస్ అనుకున్నారు. అదే నిజమైతే అది దక్షిణాకాశంలో ఉండాలి. వెంటనే మద్రాసుకు తంతి కొట్టారు. సెంటారస్ మండలంలో ఫలానా చుక్క దగ్గర వెతకమన్నారు.

మద్రాసులో చూస్తే మబ్బులు. పోగ్సన్ తెల్లవారుజామునే లేచి ఎదురుచూశారు. డిసెంబరు మొదట్లో మబ్బు విడింది. చెప్పిన చోటికి దగ్గర్లోనే తోకచుక్క కనిపించింది! మర్నాడూ చూశారు. అంతే, మళ్లీ మబ్బులు కమ్మేశాయి. దారి కచ్చితంగా లెక్కకట్టాలంటే కనీసం మూడు చూపులు కావాలి. ఆయనకు దక్కినవి రెండే. అది బియెలా కాదని తర్వాతి లెక్కలు తేల్చాయి. మరి ఆ తోకచుక్క ఏది? నేటికీ తేలలేదు. పోగ్సన్ మాత్రం చూసినంతే రాశారు, లేనిది కలపలేదు.

ఉల్కల్లో రెండు రకాలున్నాయని ఇక్కడ గుర్తుంచుకోవాలి. తోకచుక్క ధూళి ఆకాశంలోనే కాలిపోతుంది. జేబులో వేసుకునే రాయి సాధారణంగా గ్రహశకలాల నుంచే వస్తుంది. పోగ్సన్ జీవితం ఈ రెంటి మధ్యే నడిచింది.

తండ్రీకూతుళ్లు

1862 నుంచి 1887 దాకా చేసిన నక్షత్రాల కొలతలను ఆయన బతికుండగా పూర్తిగా అచ్చు వేయలేకపోయారు. మిగిలిన పని తర్వాత వచ్చిన మిచీ స్మిత్ పూర్తిచేశారు. లెక్కల్లో తోడున్నది కూతురు ఐసిస్. ఆమె 1873 నుంచి అబ్జర్వేటరీలో పనిచేశారు. 1886లో ఆమెను సొసైటీ సభ్యత్వానికి తండ్రి ప్రతిపాదిస్తే, నిబంధనల్లో మగవాళ్ల ప్రస్తావనే ఉందంటూ ఒప్పుకోలేదు. చివరికి 1920లో చేర్చుకున్నారు. అప్పటికి తండ్రి పోయి 29 ఏళ్లు.

పోగ్సన్ 1891 జూన్‌లో ఉద్యోగంలో ఉండగానే మద్రాసులో కన్నుమూశారు. 1899 నుంచి ఖగోళ పరిశీలనలు కొడైకెనాల్‌కు మారాయి. నుంగంబాక్కంలో స్తంభం మిగిలింది.

ఆయన కనిపెట్టిన శకలాలు మాత్రం ఇంకా కొత్త సంగతులు చెబుతూనే ఉన్నాయి. సిల్వియా చుట్టూ రెండు చందమామలు తిరుగుతున్నాయని 2005లో ప్రకటించారు. రెండు చందమామలున్నట్టు తేలిన మొదటి గ్రహశకలం అదే. కెమిల్లాకు 2001లో ఒకటి, 2016లో మరొకటి దొరికాయి. పెద్ద టెలిస్కోపులు వచ్చాక బయటపడిన ఈ సంగతులకు మొదటి జాడ పట్టింది నుంగంబాక్కంలో నిద్ర మానుకున్న ఓ మనిషి చూపే.