పాటే ప్రసంగంగా జీవించిన పురుషోత్తమ చౌదరి
కులాన్ని వదులుకున్నారు... జన భాషను వదల్లేదు

భోగాపురం: విశాఖపట్నం నుంచి భోగాపురం మీదుగా శ్రీకాకుళం సాగే రహదారి పొడవునా పల్లె చర్చిల్లో ఆదివారం ఉదయం వినిపించే పాత కీర్తనల్లో చాలా వాటికి కర్త ఒక్కరే. ఆయన రెవరెండ్ పురుషోత్తమ చౌదరి. పాడేవారిలో చాలామందికి ఆ పేరు తెలియదు. పాట మాత్రం కంఠతా వచ్చు. తెలుగు క్రైస్తవ పదకవితా పితామహుడిగా ఖ్యాతి గడించిన ఈ బోధకుడు ఉత్తరాంధ్ర గడ్డకు చెందినవారే కావడం విశేషం.

పర్లాకిమిడి ప్రాంతంలో జననం

పర్లాకిమిడి సంస్థానంలోని మదనాపురంలో 1803 సెప్టెంబరు 5న ఆయన జన్మించారు. వంగదేశ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబం వారిది. తల్లి సుభద్రాదేవి. తండ్రి కూర్మనాథ చౌదరిది శ్రీకూర్మ క్షేత్ర దైవం పేరు. తెలుగు, ఒరియా, సంస్కృత భాషలను ఆయన చిన్ననాడే అభ్యసించారు. ఒకనాడు తెలుగు జమీందారీల నడుమ ఉన్న పర్లాకిమిడి పట్టణం 1936లో ఒడిశాలో చేరింది.

ఆయన పుట్టిన రెండేళ్లకు, అంటే 1805లో, లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో అడుగుపెట్టారు. సువార్తలను తెలుగులోకి తెచ్చే పనికి అక్కడే శ్రీకారం చుట్టారు. అయితే పరదేశి నోట వచ్చిన తెలుగు జనం చెవికి చేరినంతగా మనసుకు చేరలేదు. ఆ కొరత తీర్చే బాధ్యత తర్వాతి కాలంలో పురుషోత్తమ చౌదరిపై పడింది.

ముప్పయ్యో ఏట మలుపు

శాస్త్రాలు చదివినా, మంత్రోపాసన చేసినా ఆయనకు మనశ్శాంతి లభించలేదు. ఆ దశలో చేతికందిన క్రైస్తవ కరపత్రాలు ఆయనను ఆలోచింపజేశాయి. శ్రీకాకుళంలో నివసించిన హెలెన్ నాట్ అనే క్రైస్తవ మహిళ పరిచయంతో సందేహాలు ఒక్కొక్కటిగా తొలగాయి. 1833 అక్టోబరు 6న కటక్‌లో ఆయన బాప్తిస్మం స్వీకరించారు. అప్పటికి ఆయన వయసు ముప్పయ్యేళ్లు.

ఆ నిర్ణయానికి చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో మతం మారిన బ్రాహ్మణుడికి కులంలో చోటుండేది కాదు, బంధువుల పంక్తిలో విస్తరి పడేది కాదు. భార్య రాధామణి సైతం మొదట ఆయనను అనుసరించలేదు, తర్వాతే ఆ విశ్వాసంలోకి వచ్చారు. ఇన్ని మారినా ఒక్కటి మారలేదు. విష్ణు నామమైన పురుషోత్తమ అనే పేరును ఆయన చివరి వరకు నిలుపుకొన్నారు.

అధికారం ఎక్కడిది?

ఆయనది పెద్ద పీఠమేమీ కాదు. పాలకుల అండతో మాట్లాడిన వ్యక్తి అంతకంటే కాదు. అయినా ఆయన మాటకు విలువ దక్కింది. తాను పోగొట్టుకున్నదేమిటో వినేవారికి తెలుసు. పోగొట్టుకున్నాక కూడా నమ్మినదాన్ని చెబుతున్నాడంటే అది పొట్టకూటి బోధ కాదని గ్రహించారు. బోధకుడి మాటకు బలం అతని జీవితం నుంచే వస్తుందనడానికి ఆయన చరిత్రే నిదర్శనం.

రెండో బలం పాట. అక్షరం తెలిసినవారు బహు కొద్దిమంది ఉన్న కాలమది. పుస్తకం చేతికిస్తే చదివేవారు లేరు, ప్రసంగం వింటే సాయంత్రానికి సగం మరచిపోతారు. రాగతాళాలతో కట్టిన కీర్తన మాత్రం నూర్పిడి కళ్లం వరకు, ఇంటి వసారా వరకు వెంట వస్తుంది. భజన సంప్రదాయంలో పెరిగిన జనానికి ఆయన అదే బాణీలో బోధ వినిపించారు. వందకు పైగా కీర్తనలు రచించారు. పాశ్చాత్య బాణీల అనువాద గీతాలే దిక్కయిన సంఘానికి సొంత గొంతు ఇచ్చారు.

వచన రచనలోనూ ఆయన వెనుకబడలేదు. కుల వ్యవస్థను ప్రశ్నిస్తూ కులాచార పరీక్ష అనే గ్రంథం వెలువరించారు. ఆ వ్యవస్థలో పై మెట్టుపై పుట్టినవారే దాన్ని తప్పుపట్టడం ఆనాటికి సాహసమే.

శాఖలు వేరైనా కీర్తన ఒక్కటే

విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల్లో దశాబ్దాలపాటు సేవలందించిన ఆయన 1890 ఆగస్టు 24న కన్నుమూశారు. బాప్తిస్మం నాటి నుంచి దాదాపు 57 ఏళ్లు బోధకుడిగానే గడిపారు.

ఆయన రచనలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథంలో ప్రముఖ స్థానం దక్కింది. బాప్టిస్టు, లూథరన్, దక్షిణ ఇండియా సంఘం అనే భేదం లేకుండా వాటిని ఆలపిస్తున్నారు. సిద్ధాంతాల వద్ద విడిపోయే సంఘాలు ఆయన పాట దగ్గర ఏకమవుతున్నాయి. మైకులు, వేదికలు పెరిగిన నేటి కాలంలో బోధకుడి స్థాయిని సభకు వచ్చిన జనంతో కొలవడం పరిపాటైంది. ఆయన గతించి 130 ఏళ్లు దాటినా పామరుడి నోట పాట నిలిచే ఉంది. బోధకుడికి అంతకు మించిన అధికారం మరొకటి ఉండదు.