లేపాక్షి చిత్రములందు విరూపణ్ణ చరిత్రము

లేపాక్షి వీరభద్రాలయ నిర్మాతగా ప్రసిద్ధుడైన విరూపణ్ణ నంది లక్కిసెట్టి కుమారుడు. అచ్యుతదేవరాయల (1529-1542) కాలమున పెనుగొండసీమ యందలి అధికారి. అమరాపురమునకు చేరువనున్న హేమావతిలో నొళంబులు అంతకు శతాబ్దములకు పూర్వమే శిల్పమున సిద్ధహస్తులైయుండిరి. విరూపణ్ణ, సోదరుడు వీరణ్ణ శిల్పముతో తృప్తిపడలేదు. 1530వ దశకమున లేపాక్షిలో కూర్మశైలముపై ఆలయమును విస్తరించి, మండపముల పైకప్పులను చిత్రములతో నింపించిరి.

నాట్యమండపమున కిరాతార్జునీయము, పార్వతీకల్యాణము, మనునీతి చోళుని కథ కలవు. కథలు పురాతనములే గాని వేషభూషలు సమకాలికములు. కావ్యము చీర యని ఊరకుండు తావున చిత్రకారుడు అంచును, చారలను, పూవులను సైతము చూపినాడు. విజయనగర కాలపు వస్త్రములను తెలియగోరువారికి ఇంతకన్న ప్రత్యక్షసాక్ష్యము అరుదు. అర్ధమండపమున వీరభద్రుని మహాచిత్రము చెంత సోదరులిరువురు పొడవైన కుళ్లాయిలు ధరించి భక్తులై నిలిచియున్నారు.

రాజధనమును అనుమతి లేక వెచ్చించి, శిక్షకు ముందే విరూపణ్ణ తన కన్నులను పెరికి గోడకు విసరెనని జనశ్రుతి. గోడపై రెండు ఎర్రని మరకలను నేటికిని చూపుదురు. ఊరిపేరును ఈ కథతో ముడిపెట్టు నిర్వచనము శబ్దసాధన కన్న కథాప్రీతికే లోబడినది. ఆలయ శాసనములు దానములను, దాతను, అతని తండ్రిని పేర్కొనుచున్నవి. దాచి చేసిన కార్యమును తండ్రిపేరుతో శిలపై ఎవరు చెక్కింతురు? కల్యాణమండపము అసంపూర్ణమన్నది నిజమే. 1542లో అచ్యుతుని మరణానంతరము సింహాసనమునకై రేగిన కలహమును దానికి హేతువుగా ఊహింపవచ్చును.