అంకెలే కన్నులుగా లక్కోజు సంజీవరాయశర్మ
(నవంబరు 22 జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

నంద్యాల: 1928 నవంబరులో నంద్యాల పట్టణంలో ఆంధ్ర మహాసభ జరిగింది. దత్తమండలాలకు రాయలసీమ అనే పేరును చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది ఆ సభల సందర్భంలోనే. ఆ నామకరణం చరిత్రకెక్కింది. అక్కడే ఇరవై ఏళ్ల అంధ యువకుడొకరు తొలిసారిగా గణితావధానం చేసిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆయనే లక్కోజు సంజీవరాయశర్మ.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా దక్షిణానికి సాగితే ప్రొద్దుటూరు వస్తుంది. ఆ సమీపంలోని కల్లూరు గ్రామంలో 1907 నవంబరు 22న శర్మ జన్మించారు. ఆయన పుట్టు అంధులు. బడికి వెళ్లే అవకాశం లేకపోయింది. సోదరి తన పాఠాలను ఇంట్లో బిగ్గరగా చదువుతుండగా విని ఎక్కాలు, లెక్కలు కంఠస్థం చేశారు. వర్గమూలాలు, ఘనమూలాలు, పుట్టిన తేదీని బట్టి వారం, తిథి, నక్షత్రం మొదలైన ప్రశ్నలకు సభల్లో నోటిమాటగానే సమాధానాలు చెప్పేవారు.

ఆయన అవధానాల్లో మిక్కిలి ప్రసిద్ధి పొందినది 1966లో హైదరాబాద్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో జరిగినది. 2ను 103 సార్లు వేసి గుణిస్తే ఎంత అన్నది అక్కడి ప్రశ్న. శర్మ చెప్పిన జవాబు 32 అంకెల సంఖ్య:

10141204801825835211973625643008

కాగితం మీద ఈ గుణకారానికి పూనుకున్నవారికే అందులోని కష్టం తెలుస్తుంది. మధ్యలో ఒక్క అంకె తప్పినా ఆ పైన వచ్చేదంతా తప్పవుతుంది. చెప్పిన అంకెలను పలక మీద చూసుకునే వీలు కూడా శర్మకు లేదు.

ఈ సంఖ్యకు ఉన్న ప్రధాన కారణాంకం 2 ఒక్కటే. మొత్తం కారణాంకాలు 104. 103 బేసి సంఖ్య కనుక ఇది పూర్ణవర్గం కాదు. మూడుతో భాగింపబడదు కనుక పూర్ణఘనమూ కాదు. తనను మినహాయించి మిగిలిన కారణాంకాలన్నీ కూడితే తనకంటే సరిగ్గా ఒకటి తక్కువ వస్తుంది. అనగా పరిపూర్ణ సంఖ్య కావడానికి ఒక్కటే కొరత. పత్రికల్లో ఇంత పొడవు సంఖ్యను ముద్రించేటప్పుడు అంకెలు జారిపోవడం సహజం. అంకెలన్నీ కూడితే 110 రావాలి. దానిని 9తో భాగిస్తే శేషం 2. 2 యొక్క 103వ ఘాతాన్ని 9తో భాగించినా శేషం 2 మాత్రమే.

ఇంతటి ప్రజ్ఞ ఆయనకు స్థిరమైన జీవనోపాధిని సమకూర్చలేదు. శ్రీకాళహస్తిలో స్థిరపడి, ఆలయంలో వయొలిన్ వాయించేవారు. బడి మెట్లు ఎక్కని శర్మకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది 1996లో. అప్పటికి ఆయన వయస్సు తొంభైకి చేరువైంది. 1997 డిసెంబరు 2న శ్రీకాళహస్తిలో పరమపదించారు.